ఊక శోభనాద్రి

గుడివాడ రైసుమిల్లుల వాళ్లకి ఒకప్పుడు ఊక పెద్ద పీడ. బియ్యానికి బేరం ఉంది. తవుడు నూనె మిల్లుకి పోయేది, నూకలు కోళ్ల మేతకి పోయేవి. ఊకని మాత్రం అడిగే నాథుడు లేడు. మిల్లు వెనక గుట్టలుగా పెరిగి, గాలొస్తే రోడ్డెక్కేది, వానొస్తే నాని కంపు కొట్టేది. చోటు చాలనప్పుడు రోడ్డు వార పోసి నిప్పు పెట్టేవారు. అది రోజుల తరబడి లోలోపల రాజుకుంటూ ఉండేది. బందరు బస్సు అటుగా వెళ్లేటప్పుడు ఎవరూ చెప్పకుండానే జనం కిటికీలు దించేసేవారు.

ఆ ఊకని ఎత్తుకుపోయి మిల్లుల వాళ్ల చేత దండాలు పెట్టించుకునే మనిషి శోభనాద్రి. పామర్రు నుంచి గుడివాడ వెళ్లే దారిలో, రోడ్డు దిగి కాలవ గట్టు మీద కొంత దూరం వెళితే వేములకుదురు వస్తుంది. అదే అతని ఊరు. కొద్దిపాటి మాగాణి, ఒక పాత ట్రాక్టరు, ఇందిర అనే భార్య, కొట్టంలో రెండు గేదెలు. ఆ దంపతులకి పిల్లల్లేరు. ట్రాక్టరు ట్రక్కుకి చుట్టూ వెదురు తడికలు కట్టి, మిద్దె ఎత్తున ఊక నింపి, కృష్ణ ఒడ్డున ఉన్న ఇటుక బట్టీలకీ, బందరులో ఊక పొయ్యిల మీద వండే హోటళ్లకీ తోలేవాడు. అందుకే చుట్టుపక్కల ఊళ్లలో అతన్ని ఊక శోభనాద్రి అనేవారు. ఆ పేరులో కాస్త వెటకారం కూడా ఉండేది. ఎకరాలున్న వాళ్ల బంధువర్గంలో ఊక తోలుకు బతికేవాడు అతనొక్కడే.

సాయంత్రం ఇంటికొస్తే ఇందిర గుమ్మంలోనే అడ్డుకునేది.

"చొక్కా అక్కడే దులుపుకోండి. నిన్న అన్నంలో కూడా ఊకే వచ్చింది."

"వస్తే ఏమైంది? బియ్యానికి తొడిగిన చొక్కాయే కదా అది," అనేవాడు.

ఊళ్లో ఆడవాళ్లు గోనెసంచి పట్టుకొస్తే ఊక ఊరికే ఇచ్చేవాడు. రేకు డబ్బా మధ్యలో ఒక సీసా నిలబెట్టి, చుట్టూ ఊక గట్టిగా కూరి, సీసా మెల్లగా పైకి లాగేస్తే పొయ్యి తయారు. ఒక్కసారి వెలిగిస్తే అన్నం, కూర, వేణ్ణీళ్లు అన్నీ అయిపోయేవి. ఆ సన్నటి నీలం మంటని చూస్తూ నిలబడిపోవడం శోభనాద్రికి ఇష్టం. రోడ్డు వార ఊరికే తగలబడిపోతున్న గుట్టల్ని చూసినప్పుడు మాత్రం ట్రాక్టరు నెమ్మది చేసేవాడు. ఇంత నిప్పు ఏ పనికీ రాకుండా పోతోందే అనుకునేవాడు.

అతని దగ్గర ఊక ఎత్తే మనిషి పోతయ్య. పోతయ్యది బందరు అవతల సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. తొంభైలో వచ్చిన తుఫానుకి పడవ ముక్కలైపోయింది. కొన్నేళ్లు ఎవరెవరి పడవల మీదో వేటకి వెళ్లాడు. తమ్ముడు వేటకెళ్లి తిరిగి రాకపోయేసరికి పోతయ్య భార్య నాంచారమ్మ పట్టుబట్టింది, ఇక సముద్రం వద్దని. కోతల కూలికి వచ్చిన మనిషి వేములకుదురు కాలవ గట్టు మీదే గుడిసె వేసుకుని ఉండిపోయాడు. మాధవీలత అనే కూతురు ఉండేది వాళ్లకి. నల్లగా, పొడుగ్గా, తక్కువ మాట్లాడే మనిషి పోతయ్య. ట్రక్కు మీద ఊక తొక్కుతుంటే పడవలో నిలబడ్డట్టే కాళ్లు ఎడంగా పెట్టి నిలబడేవాడు.

తొంభై ఎనిమిదిలో కంపెనీ వాళ్లు వచ్చారు. ఊకని బాయిలర్లో కాల్చి కరెంటు తీస్తామన్నారు. ఆ కరెంటు ఫ్యాక్టరీలకి వెళ్తుందట. మిల్లుల వాళ్లని ఊక గురించి అడిగితే అందరూ ఒకే పేరు చెప్పారు. అలా ఒక పొద్దున్న తెల్లటి జీపు శోభనాద్రి ఇంటి ముందు ఆగింది. అందులోంచి దిగినవాడు రాజేష్. ముప్ఫై దాటని మనిషి, మర్యాదస్తుడు. అరుగు మీద కూర్చుని, ఇందిర ఇచ్చిన మజ్జిగ తాగి, ఒక పెద్ద కాగితం పరిచి బొమ్మ చూపించాడు. ఇక్కడ ఊక పోస్తారు, ఇక్కడ మండుతుంది, ఇక్కడ ఆవిరి, ఇక్కడ కరెంటు. పొగగొట్టానికి ముందు నుసి పట్టే మిషన్ ఉంటుంది, బయటికి మసి రాదు.

"పారేసే వస్తువుతో పరిశ్రమలు నడుస్తాయి శోభనాద్రిగారూ. బొగ్గు తవ్వక్కర్లేదు. మీరు ఇన్నేళ్లుగా చేస్తున్న పనినే మేం పెద్ద ఎత్తున చేస్తాం, అంతే."

ఆ మాటతో శోభనాద్రి పడిపోయాడు. తన పనిని ఒక పనిగా చూసినవాడు అంతవరకూ ఎవరూ లేరు.

కాలవ పక్కన చోటు కావాలి. అక్కడి పొలాల చెక్కలో మధ్య పొలం శోభనాద్రి పెదనాన్న కొడుకు భుజంగరావుది. మిగతా వాళ్లు ఒప్పుకున్నారు గానీ భుజంగరావు ససేమిరా అన్నాడు. వారం పది రోజులు శోభనాద్రి అతని ఇంటి చుట్టూ తిరిగాడు.

"పండే భూమిరా ఇది. రెండో పంట దాళ్వాకి కూడా నీళ్లందే చెక్క," అన్నాడు భుజంగరావు.

"తెలుసన్నయ్యా. కానీ మన పిల్లలకి పనులేవీ? పదో క్లాసు చదివి గట్ల మీద కూర్చుంటున్నారు. ఇక్కడే ఫ్యాక్టరీ ఉంటే సైకిలు మీద వెళ్లి రావచ్చు."

"కాలిస్తే పొగ రాదా?"

"మసి పట్టే మిషన్ ఉందన్నయ్యా. నేను చూశాను."

"ఎక్కడ చూశావ్?"

"బొమ్మలో."

భుజంగరావు నవ్వాడు. చివరికి కండువా దులుపుకుని లేచి, "సరే. వాళ్ల మాట మీద కాదు, నీ మాట మీద ఇస్తున్నా. గుర్తుపెట్టుకో," అన్నాడు.

రెండేళ్లలో పొగగొట్టం లేచింది. బాయిలరు వెలిగించిన రోజున కొబ్బరికాయ శోభనాద్రి చేత కొట్టించారు. ఊళ్లో కొందరికి గేటు దగ్గర, ఊక మోసే బెల్టు దగ్గర, ఆఫీసులో పనులు దొరికాయి. శోభనాద్రి మొట్టమొదట చెప్పింది పోతయ్య గురించి. అతన్ని బూడిద వైపు వేశారు. బాయిలరు అడుగున పడే బూడిదని తొట్టెలకెత్తి ట్రక్కుల్లో పోయించడం అతని పని. ఆ రోజు నాంచారమ్మ చేపలు కాకుండా కోడిని కోసి కూర వండి, గిన్నెలో పెట్టుకుని శోభనాద్రి ఇంటికి తెచ్చింది.

"నేల మీద పని ఇప్పించారు బాబుగారూ. ఇక గాలొచ్చినా వానొచ్చినా నాకు భయం లేదు," అంది.

ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. ముందుగా పోయింది పొయ్యిల ఊక. మిల్లుల దగ్గర ప్రతి గింజ పొట్టుకీ ధర వచ్చింది. శోభనాద్రి ఇప్పుడు కంపెనీకే తోలేవాడు, ట్రక్కుల లెక్క గేటు దగ్గరే తేలిపోయేది. ఆడవాళ్లు సంచులు పట్టుకుని వస్తే శోభనాద్రి తల దించుకుని, "ఇప్పుడది నాది కాదమ్మా, కంపెనీది," అనాల్సి వచ్చేది. వాళ్లు కాలవ గట్టున తుమ్మ కంపలు కొట్టుకోవడం మొదలుపెట్టారు. కొందరు శోభనాద్రి కనబడితే పక్కకి తిరిగిపోయేవారు.

తర్వాత నుసి మొదలైంది. తెల్లారి పెరుగు మీద మూత తీస్తే మీగడ మీద నల్లటి చుక్కలు. ఆరేసిన పంచెల మీద, వడియాల మీద, కళ్లాల్లో ధాన్యం మీద, మంచం మీద పడుకున్న పసిపిల్లల కనురెప్పల మీద నుసి. ఊళ్లో ప్రతివాళ్లూ కళ్లు నలుపుకుంటూ మాట్లాడడం అలవాటైపోయింది. శోభనాద్రి వెళ్లి రాజేష్‌ని అడిగాడు.

"మిషన్ పాడైందండీ. పై నుంచి మనిషి రావాలి. రాశాం," అన్నాడు రాజేష్.

మనిషి వచ్చాడు, బాగు చేశాడు, వెళ్లాడు. మళ్లీ నుసి. కొన్నాళ్లకి లోపల పనిచేసేవాళ్లే అసలు సంగతి చెప్పారు. ఆ మిషన్ నడవడానికీ కరెంటు కావాలి. అమ్ముకునే కరెంటులో కోత పడుతుందని, ఎవరైనా తనిఖీకి వచ్చేటప్పుడే దాన్ని వేస్తున్నారు. శోభనాద్రి మళ్లీ వెళ్లాడు. రాజేష్ తల ఎత్తలేదు.

"నేను ఉద్యోగస్తుణ్ణి శోభనాద్రిగారూ. వేయమని చెప్పే అధికారం నాకుంటే ఎప్పుడో వేసేవాణ్ణి," అన్నాడు.

ఆ ఏడే ఇందిరకి ఆయాసం పట్టుకుంది. నాలుగు బిందెల నీళ్లు మోస్తే గోడ పట్టుకుని నిలబడేది. గుడివాడలో డాక్టరుకి చూపిస్తే, "పొయ్యి దగ్గర ఎక్కువగా కూర్చుంటారా?" అని అడిగాడు. "మా పొయ్యి ఊరంతటిదండీ," అంది ఇందిర. డాక్టరుకి అర్థం కాలేదు. శోభనాద్రికి అర్థమైంది. తిరిగొచ్చే బస్సులో భార్య ముఖం వైపు చూడలేకపోయాడు.

బూడిదకీ చోటు కావాలి. ఊక ఎంత తేలికో బూడిద అంత పెరుగుతుంది. ఆవరణ నిండిపోయింది. "ఎక్కడైనా ఒక గుంట చూపించండి," అని రాజేష్ అడిగాడు. ఊరి చివర, ఎప్పుడో ఇటుకల కోసం మట్టి తవ్వగా మిగిలిన పెద్ద గుంట ఉంది, ఎవరిదీ కాని భూమిలో. పూడిపోతే నేల చదునై పిల్లలు ఆడుకోవడానికి పనికొస్తుంది కదా అని శోభనాద్రి దాన్ని చూపించాడు. బూడిద తోలే పని కూడా అతని ట్రాక్టరుకే ఇచ్చారు. ట్రక్కుతో పాటు పోతయ్యా గుంట దాకా వచ్చేవాడు.

గుంట నిండుతూ వచ్చింది. కొత్తగా పోసిన వైపు వేడిగా ఉంటుందని అందరికీ తెలుసు. పాతవైపు, కాలవ పక్కన పోసింది, ఎండకి ఎండి వానకి తడిసి పైన పెళుసుగా గట్టిపడి, ఎండిన చేనులా కనిపించేది. దాని మీద శోభనాద్రి నడిచాడు. పోతయ్య రోజూ నడిచేవాడు. అక్కడక్కడ గడ్డి కూడా మొలిచింది. కింద ఊక బూడిద నెలల తరబడి నిప్పుని కడుపులో దాచుకుంటుందని వాళ్లకెవరికీ తట్టలేదు.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం, ముసురు పట్టి వదిలాక, శోభనాద్రి ఇంటి పెయ్యదూడ తాడు తెంపుకుని గుంట వైపు పోయింది. ఇందిర ఆయాసపడుతూ గట్టు దాకా వచ్చింది. దూడ పాతవైపున గడ్డి మేస్తోంది. శోభనాద్రి అవతల ట్రక్కు వెనక్కి పెడుతున్నాడు. పోతయ్య పార పట్టుకుని ఒడ్డున ఉన్నాడు.

"పోతయ్యా, కాస్త ఆ దూడని తోలుకురావూ," అని పిలిచింది ఇందిర.

"తెస్తానండమ్మగారూ," అని పార గుచ్చి వెళ్లాడు.

అతను చేరేలోపే దూడ ముందుకాళ్లు దిగబడ్డాయి. దూడ అరిచింది. ఆ అరుపుకి పోతయ్య పరుగెత్తాడు. పరుగెత్తకపోతే ఏమయ్యేదో తెలియదు. పైపెచ్చు పగిలింది. నడుం దాకా దిగిపోయాడు. పగిలిన చోట బూడిద కింద ఎర్రగా కనిపించింది, గాలి తగిలి ఇంకా ఎర్రబడింది.

శోభనాద్రి ట్రాక్టరు మీంచి దూకి వచ్చాడు. తడికల తాడు విసిరాడు. పోతయ్య అందుకున్నాడు, కానీ అడుగున నిలదొక్కుకోవడానికి ఏమీ లేదు. శోభనాద్రి బోర్లా పడుకుని చేతులు చాపి అతని మణికట్లు పట్టుకున్నాడు. పడుకున్న చోట బూడిద కూడా కాలుతోంది. ఇంకో ఇద్దరు వచ్చి శోభనాద్రి కాళ్లు పట్టి లాగారు. అలా లాగారు బయటికి. దూడ లోపలే ఉండిపోయింది. కాసేపటికి దాని అరుపు ఆగిపోయింది.

గుడివాడలో చూసి వెంటనే విజయవాడ తీసుకెళ్లమన్నారు. విజయవాడ పెద్దాసుపత్రిలో పోతయ్యకి స్పృహ ఉంది. నొప్పి కూడా తెలియడం లేదన్నాడు. అలా తెలియకపోవడం మంచిది కాదని నర్సు శోభనాద్రిని పక్కకి పిలిచి చెప్పింది. రెండు చేతులకీ కట్లతో శోభనాద్రి మంచం పక్కనే కూర్చున్నాడు. నాంచారమ్మ కాళ్ల దగ్గర కూర్చోవాలని వచ్చి, కాళ్లున్న చోటు చూసి, తలవైపు వెళ్లి కూర్చుంది.

"దూడ బతికిందాండీ?" అని అడిగాడు పోతయ్య.

"బతికింది. ఇంటి దగ్గరే ఉంది," అన్నాడు శోభనాద్రి.

"అమ్మగారు కంగారు పడుంటారు," అన్నాడు పోతయ్య. మర్నాడు సాయంత్రం పోయాడు.

కంపెనీ వాళ్ల మాట సూటిగా ఉంది. పోతయ్య ఆ సమయంలో కంపెనీ పని చేయడం లేదు, ఎవరిదో దూడని తోలుకు రావడానికి వెళ్లాడు. గుంట కంపెనీది కాదు. బూడిద తోలింది కంపెనీ బండి కాదు. శోభనాద్రి రాజేష్ ముందు నిలబడి కట్లు కట్టిన చేతులు బల్ల మీద పెట్టాడు.

"బూడిద ఎవరిదండీ?" అని అడిగాడు.

రాజేష్ కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా చెప్పవలసిందే చెప్పాడు. "గుంట చూపించింది మీరే కదండీ. వాళ్లు అదే అంటున్నారు. గట్టిగా పోతే కేసు మీ మీదికే వస్తుంది."

నెల తిరక్కుండా రాజేష్‌కి బదిలీ అయింది. నాంచారమ్మని ఆఫీసుకి పిలిచి, ఖర్చులకని ఏదో చేతిలో పెట్టి, ఇకమీదట అడగనని వేలిముద్ర వేయించుకున్నారు. శోభనాద్రి కాలవ పక్కన ఉన్న తన చెక్క ఆమె పేర పెడతానన్నాడు. ఆమె వద్దంది.

"భూమి నేనేం చేసుకోను బాబుగారూ? దున్నడం నాకు రాదు," అంది. సామాను మూట కట్టుకుంటోంది. మాధవీలత గిన్నెలు గోనెలో సర్దుతోంది.

"నన్ను తిట్టు నాంచారమ్మా. ఒక్కసారైనా తిట్టు," అన్నాడు శోభనాద్రి.

ఆమె పని ఆపి అతని వైపు చూసింది. "మీరు మంచే చేద్దామనుకున్నారు. ఆ అమ్మగారు మామూలుగానే పిలిచారు. ఈయన మామూలుగానే వెళ్లాడు. ఎవర్ని తిట్టుకోవాలో నాకు తెలీడం లేదు. అదే నాకు కడుపులో మంటగా ఉంది," అంది. బస్సెక్కి సముద్రం ఒడ్డుకే తిరిగి వెళ్లిపోయింది.

ఇందిర అప్పటినుంచి మనిషి కాలేదు. గేదెల్ని అమ్మేయమంది. అవి వెళ్లిపోయాక కూడా పొద్దున్నే కొట్టం ముందు వచ్చి నిలబడేది. ఎవరినీ పేరు పెట్టి పిలవడం మానేసింది. మంచినీళ్లు కావాలంటే గ్లాసు చూపించేది. శోభనాద్రి ఎన్నోసార్లు నచ్చజెప్పబోయాడు.

"నువ్వేం చేశావే? దూడని తోలుకు రమ్మన్నావు. అంతే కదా."

"నేను పిలవకపోతే ఆయన ఒడ్డునే ఉండేవాడు," అనేది. గుంట చూపించింది తనే అని అతను అనబోతే ఆమె వినేది కాదు. ఇద్దరూ ఆ తప్పు కోసం దెబ్బలాడుకునేవారు, నాదంటే నాదని. చివరికి అదీ మానేశారు.

శోభనాద్రి ట్రాక్టరు అమ్మేశాడు. ఊళ్లోవాళ్లు కంపెనీ గేటు ముందు టెంటు వేసి కూర్చున్న రోజున తనూ వెళ్లి ఒక మూల కూర్చున్నాడు. భుజంగరావు లేచి నిలబడ్డాడు.

"నువ్విక్కడ ఎందుకురా? బొమ్మలో మిషన్ చూపించింది నువ్వు. నా పొలం పోయింది నీ మాట మీద. పోతయ్య పోయింది నీ గుంటలో. లే," అన్నాడు అందరి ముందూ.

శోభనాద్రి లేచాడు. అతను వెళ్తుంటే ఒక ముసలావిడ, ఒకప్పుడు ఊక కోసం సంచి పట్టుకు వచ్చే మనిషే, కాళ్ల ముందు ఉమ్మేసింది. శోభనాద్రి చేతుల మీద కాలిన చర్మం ముడతలు పడి వేళ్లు పూర్తిగా ముడుచుకునేవి కావు. ఆ చేతులతోనే కంపెనీ పెద్దలకి, అధికారులకి ఎన్నో అర్జీలు పెట్టుకున్నాడు. ఒకసారి జీపులో ఎవరో వచ్చి గుంట చూసి, చుట్టూ కంచె వేయమని చెప్పి వెళ్లారు. కంచె ఎవరూ వేయలేదు. శోభనాద్రి తనే వెదురు బొంగులు పాతి ముళ్లకంప చుట్టాడు. ఆ కంపని వంటచెరుకు లేని ఆడవాళ్లు కొద్దికొద్దిగా లాక్కుపోయారు. వాళ్లని ఏమనగలడు?

తర్వాత కంపెనీయే మూతపడింది. అందరూ ఊకే కొంటుంటే దాని ధర బాయిలరు మోయలేనంత పెరిగింది. కొన్నాళ్లు రంపపు పొట్టు, వేరుశనగ తొక్కు కలిపి కాల్చారు. తర్వాత ఏవేవో కాల్చారు. ఆ పొగ ఇంకా ఘాటుగా ఉండేది. ఒక రోజు పొగ ఆగిపోయింది. జీతాలు అందని కుర్రాళ్లు కొన్నాళ్లు గేటు దగ్గర తిరిగి, పనుల కోసం విజయవాడ వెళ్లిపోయారు. పెరుగు మీద నుసి లేదు. అయినా ఊరు బాగుపడలేదు. పొలాలు తిరిగి రాలేదు, పనులూ లేవు. మసి ఉన్న రోజుల్లో మసి తెచ్చాడని తిట్టినవాళ్లే ఇప్పుడు, అర్జీలు పెట్టి ఫ్యాక్టరీ మూయించాడని శోభనాద్రిని తిట్టారు. అతను సాయంత్రం పూట ఇందిరని అరుగు మీద కూర్చోబెట్టి వీపు రాసేవాడు. ఆమె ఊపిరి ఈల వేసినట్టు వచ్చేది. గాలి బాగుపడినా ఆమె ఊపిరితిత్తులు బాగుపడలేదు.

రెండు వేల ఎనిమిదిలో ఆ ఫ్యాక్టరీని ఇంకెవరో కొన్నారు. తుప్పు గీకి రంగులు వేశారు. గేటు దగ్గర పూలదండలు కట్టారు. ఈసారి కొబ్బరికాయ కొట్టింది భుజంగరావు. ఊక సరఫరా కాంట్రాక్టు కూడా అతనిదే. శోభనాద్రి వినీ నమ్మలేక అతని ఇంటికి వెళ్లాడు. టెంటు రోజు తర్వాత ఆ గడప తొక్కడం అదే మొదలు.

"నువ్వేనా అన్నయ్యా?" అని మాత్రం అడిగాడు.

భుజంగరావు ముసలివాడైపోయాడు. కోపం కూడా ముసలిదైపోయింది. "పొలం పోయింది. మసి మింగాం. మనిషి పోయాడు. ఇన్ని పోయాక వచ్చే నాలుగు రాళ్లు కూడా పైవాళ్లకే వదిలేయమంటావా? నేను కాకపోతే ఇంకొకడు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఇందిరకి ఎలా ఉంది?" అని అడిగాడు. శోభనాద్రి చెప్పకుండా వచ్చేశాడు.

ఆ వారంలోనే ఒక అమ్మాయి వాళ్ల ఇంటి ముందుకి వచ్చి నిలబడింది. నల్లగా, పొడుగ్గా ఉంది. ఇందిర ముందు పోల్చుకుంది. గోడ పట్టుకుని లేచి, ఎన్నో ఏళ్ల తర్వాత ఒక మనిషిని పేరు పెట్టి పిలిచింది.

"మాధవీలతా."

మాధవీలత లోపలికి వచ్చి కింద కూర్చుంది. పెళ్లయింది, భర్త పేరు దుర్గాప్రసాద్. నాంచారమ్మ చేపలు ఎండబెట్టి బందరు బజారులో అమ్ముతోందట. చూపు తగ్గిందట.

"అమ్మ మిమ్మల్ని అడగొద్దంది. అయినా వచ్చాను," అంది.

"ఏం కావాలమ్మా?"

"ఫ్యాక్టరీలో మళ్లీ మనుషుల్ని తీసుకుంటున్నారంట కదండీ. మా ఆయనకి ఒక మాట చెప్తారేమోనని."

శోభనాద్రి చేతులు ఒళ్లో పెట్టుకుని వాటివైపే చూస్తూ, "అది తప్ప ఇంకేదైనా అడగమ్మా. పొలం ఇస్తాను, చేసుకోండి. ఇక్కడే ఉండండి," అన్నాడు.

"పొలం పని మాకు రాదండీ. వేటకి వెళ్దామంటే పెద్ద పడవలవాళ్లే అంతా ఊడ్చేస్తున్నారు. మా ఆయన రొయ్యల చెరువుల్లో కాపలాకి వెళ్లేవాడు, రొయ్యలకి రోగమొచ్చి చెరువులు ఎండగట్టేశారు. ఇంకెక్కడుందండీ పని?"

"మీ నాన్న అక్కడే..." అని ఆగిపోయాడు.

"తెలుసండీ." ఆమె గొంతు మారలేదు. "మా పల్లెలో వేటకెళ్లి పోయినవాళ్ల కొడుకులు మళ్లీ అదే సముద్రంలోకి వెళ్తారు. ఇష్టమై వెళ్తారేంటండీ? పని అక్కడుంది కాబట్టి వెళ్తారు."

శోభనాద్రి చెప్పనన్నాడు. తన నోటితో ఇంకొకళ్లని అక్కడికి పంపనన్నాడు. మాధవీలత కోప్పడలేదు. ఇందిర కాళ్లకి దండం పెట్టి వెళ్లిపోయింది. అక్కడినుంచి నేరుగా భుజంగరావు ఇంటికి వెళ్లింది. పోతయ్య అల్లుడని తెలిసి భుజంగరావు వెంటనే ఒప్పుకున్నాడు. అది మంచి పనే అనుకుని ఉంటాడు. దుర్గాప్రసాద్‌ని బూడిద వైపు వేశారు.

అతను చేరిన మర్నాడు పొద్దున్న శోభనాద్రి గుంట దగ్గర కాపు కాసి, పనికి వెళ్తున్న అతన్ని ఆపాడు. పాతవైపు చూపించి, పైన గట్టిగా ఉన్నా నమ్మొద్దని, గడ్డి మొలిచినా నమ్మొద్దని, ఏ దూడ అరిచినా, ఎవరు పిలిచినా అందులో అడుగు పెట్టొద్దని చెప్పాడు. దుర్గాప్రసాద్ చేతులు కట్టుకుని అంతా విన్నాడు.

"ఇప్పుడు నీళ్లు కొట్టి పోస్తున్నామండీ. ఏం కాదు," అన్నాడు.

"నీళ్లు పై వరకే తడుపుతాయి బాబూ."

"అలాగేనండీ. నాకు టైమవుతోంది," అని మర్యాదగా పక్కకి తప్పుకుని వెళ్లాడు.

శోభనాద్రి అక్కడే ఉన్నాడు. ఇంటి దగ్గర ఇందిర దగ్గు గట్టు దాకా వినిపిస్తోంది. ట్రక్కు ఒకటి వచ్చి వెనక్కి తిరిగి, బూడిద గుంటలో పోసింది. పొడి పైకి లేచి అతని ముఖం మీద పడింది. డ్రైవరు కిటికీలోంచి తల బయట పెట్టి, కాస్త దూరంగా నిలబడమని కేకేశాడు. శోభనాద్రి జరిగాడు. ట్రక్కు ఖాళీ అయి వెళ్లిపోయింది. కాసేపటికి ఇంకొకటి వచ్చింది.